సీసాపై లేని హెచ్చరిక

జ్వరముతో మూలుగు బిడ్డకు కన్నవారు కొలిచి పోసిన మందే ఏ అరుదైన వేళనో ప్రాణముల మీదికి తెచ్చినచో దోష మెవ్వరిది? న్యాయస్థాన మెవ్వరిని ప్రశ్నించును? మసాచుసెట్స్ తీర్పు మొదలు మన జిల్లా వినియోగదారుల కమిషన్ వరకు ఒక పరిశీలన.

2003 నవంబరు నెలాఖరున, థాంక్స్‌గివింగ్ పండుగ ముగిసిన మరునాడు, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున ఒక ఏడేండ్ల బాలికకు జ్వరము తగిలెను. ముక్కు దిబ్బడ, ఒంటి వేడి, చలికాలము వచ్చునప్పుడు ఏ యింటి పిల్లలకైనను కలుగునట్టివే కావున, తండ్రి కంగారుపడక, ఏ వైద్యుని చీటీయు అవసరము లేకయే దుకాణములో దొరకు ‘చిల్డ్రన్స్ మోట్రిన్’ అను ఐబుప్రొఫెన్ ద్రవమును, పెట్టె పైనున్న సూచనలను చదివి, మోతాదు ప్రకారము కొలిచి యిచ్చెను. ఆ మందు ఆ బాలికకు క్రొత్తది కాదు. పూర్వము త్రాగినప్పుడు ఏ హానియు కలుగలేదు. ఈసారి మాత్రము మెడమీదను ఎదురొమ్ముమీదను ఎఱ్ఱని దద్దురు లేచెను, గొంతునొప్పి పుట్టెను. పిల్లల వైద్యునికి చూపగా, జ్వరమును దద్దురును కలసి కనబడినందున ఆయన దానిని తట్టుగా నిర్ణయించెను. జ్వరపు మందు కొనసాగినది. మరునాటికి ఒంటిమీద బొబ్బలు లేచి, కన్నులు పుసిగట్టి మూసికొనిపోయెను.

బోస్టను నగరములోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి వైద్యులు ఆ వ్యాధిని గుర్తించి, టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్ అని చెప్పి, కాలిన గాయములకు చికిత్స చేయు ష్రైనర్స్ బాలల ఆస్పత్రికి పంపిరి. అప్పటికి బాలిక కేవలము చర్మవ్యాధిగ్రస్తురాలు కాదు. ఆమె దేహముపై నూటికి తొంబదియైదు పాళ్ల మేర పైచర్మము ఊడిపోయెను. వైద్యులు ఆమెను నెల రోజులపాటు మందులతో స్పృహ లేని స్థితిలో నుంచి కాపాడిరి. ప్రాణము దక్కినది గాని, చూపు చాలవరకు పోయినది, ఊపిరితిత్తులు శాశ్వతముగా చెడినవి, మెదడులో రక్తస్రావమైనది.

తల్లిదండ్రులు జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థపైనను, మందును తయారుచేసిన దాని అనుబంధ సంస్థ మెక్‌నీల్ పైనను వ్యాజ్యము వేసిరి. కల్తీ జరిగినదని గాని, మోతాదు మించినదని గాని ఎవ్వరును వాదింపలేదు. కోట్లాది బిడ్డల జ్వరమును దించిన మందే అది. ఐనను ఆ వ్యాజ్యము, బాలిక రోగపడిన పండ్రెండేండ్ల తరువాత, అమెరికా సర్వోన్నత న్యాయస్థానము గడప వరకు పోయి వచ్చెను. ఆ విచారణ యంతయు తిరిగినది ఒక్క ప్రశ్న చుట్టును: దద్దురు కనబడినప్పుడు మందు మానవలెనని ఆ తండ్రికి ఎవరైనను చెప్పిరా?

కోపించిన రక్షకులు

1922లో స్టీవెన్స్, జాన్సన్ అను ఇరువురు అమెరికా శిశువైద్యులు, ఏడెనిమిదేండ్ల బాలురిద్దరిలో జ్వరము, నోటిపూత, కంటివాపు, అపూర్వమైన దద్దురు కలసి కనబడుట చూచి ప్రకటించినందున ఈ రోగమునకు స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అను పేరు నిలిచినది. దీని ఉగ్రరూపమును 1956లో అలన్ లయెల్ అను చర్మవైద్యుడు వర్ణించెను. మసాచుసెట్స్ బాలికకు వచ్చినది అదియే. ఊడిన చర్మము దేహములో నూటికి పదిపాళ్ల లోపున్నచో మొదటి పేరును, ముప్పదికి మించినచో టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్ అను రెండవ పేరును వాడుదురు. నడుమనున్నది రెంటి సంధి.

దేహమును కాపాడవలసిన తెల్లకణములలో ఒక తెగ, ఏదో యొక మందును శత్రువుగా భ్రమించి, గ్రాన్యులైసిన్ మొదలగు విషద్రవ్యములను చర్మకణములపై విడుచును. కణములు మూకుమ్మడిగా చచ్చి, పైపొర క్రింది పొరనుండి విడిపోవును. నోరు, కన్ను, మూత్రద్వారము మున్నగు తడిపొరలును ఈ దాడికి గురియగుట ఈ వ్యాధికి ముఖ్యలక్షణము. ఏటేట పదిలక్షల జనములో కొలదిమందికి మాత్రమే వచ్చునది. ఐనను ఉగ్రరూపమున నూటికి సుమారు ముప్పదిమంది మరణించుట కలదు. పిల్లలలో మరణములు పెద్దలకంటె తక్కువే గాని, బ్రదికిన పిల్లలకు కన్నుల బాధ జీవితాంతము వెంటాడుట తఱచు.

మూర్ఛకు వాడు కార్బమజెపైన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్, సల్ఫా మందులు, వాతమునకు వాడు అల్లోప్యూరినాల్ ఈ వ్యాధికి ప్రధాన కారణములు. ఐబుప్రొఫెన్ వర్గమునుండి వచ్చుట వీటికంటె అరుదు. నిరపాయమని మనమందరమును నమ్ము పారాసిటమాల్‌ను గూర్చియు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థయగు ఎఫ్.డి.ఏ. 2013 ఆగస్టులో ఇట్టి చర్మవ్యాధుల విషయమై హెచ్చరించినది. కావున పలానా మందు మంచిది, పలానాది చెడ్డది యని జాబితా వేసికొని నిశ్చింతగా నుండుటకు వీలులేదు. జ్వరమునకు మందు మానుటయు వివేకము కాదు. దద్దురును, బొబ్బను, నోటిపూతను చూచిన క్షణమున ఏమి చేయవలెనో తెలిసియుండుటయే వివేకము.

వ్యాజ్యములకు ప్రాణమైన ఒక చిక్కు ఇచ్చటనే కలదు. ఈ రోగము తొలుత జ్వరముతోను గొంతునొప్పితోను ఆరంభమగును. ఆ జ్వరమునకే తల్లి సిరప్ పోయును. రెండు దినములలో దద్దురు లేచును. జ్వరమునకు ముందు వారము వాడిన మరియొక మందు కారణమా, లేక పిల్లలలో ఇట్టి బొబ్బలకు మూలము కాగల మైకోప్లాస్మా అను సూక్ష్మజీవి కారణమా, లేక సిరప్పే కారణమా? మందుల కంపెనీల న్యాయవాదులు పట్టుకొను మొదటి కొమ్మ యిదియే. ఏ మందు, ఏ దినమున, ఏ గంటకు, ఎంత యిచ్చితిమన్న కుటుంబపు జ్ఞాపకమునకు న్యాయస్థానములో నున్న విలువ ఇంతింత కాదు.

పెట్టె మీది నాలుగు మాటలు

2003లో చిల్డ్రన్స్ మోట్రిన్ పెట్టెమీద హెచ్చరిక లేకపోలేదు. ఎలర్జీ కలిగినచో దురదదద్దులు, ముఖపు వాపు, ఉబ్బసము, షాక్ రావచ్చునని యుండెను. ఎలర్జీ గాని, క్రొత్త లక్షణములు గాని కనబడినచో మందు మాని వైద్యుని అడుగుమనియు ఉండెను. చర్మము ఎఱ్ఱబారుట, దద్దురు, బొబ్బ అను మాటలు లేవు. అవి ప్రాణాంతక వ్యాధికి తొలిగుర్తు కావచ్చునన్న మాట అంతకంటె లేదు. ఆ మాట యున్నచో దద్దురు చూచిన తరువాత మందు ఇచ్చియుండనని తండ్రి సాక్ష్యమిచ్చెను. త్వరగా మానినచో వ్యాధి అంత తీవ్రము కాకపోయెడిదని నిపుణుడు చెప్పెను.

కంపెనీ ప్రతివాదము చిన్నది కాదు. పెట్టెమీది ప్రతి అక్షరమును కేంద్రప్రభుత్వపు ఎఫ్.డి.ఏ. ఆమోదించినది, రాష్ట్రపు జ్యూరీ వచ్చి ‘ఇంకొక మాట వ్రాయవలసి యుండెను’ అనుట కేంద్రశాసనమునకు విరుద్ధమని వారి వాదము. ఈ వాదమునకు కొలబద్ద 2009లో వైయెత్ అను మందుల కంపెనీపై లెవీన్ అను రోగి గెలిచిన వ్యాజ్యములో ఏర్పడియుండెను: కంపెనీ హెచ్చరికను బలపరచుట కనుమతి కోరినను ఎఫ్.డి.ఏ. నిరాకరించి యుండెడిదని స్పష్టమైన సాక్ష్యమున్నప్పుడే ఈ కవచము పనిచేయును.

ఆ సాక్ష్యమేది? 2005లో కొందరు వైద్యులు మొదలగువారు ఎఫ్.డి.ఏ.కు విన్నపము చేసికొని, స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ మొదలగు వ్యాధుల పేర్లను చీటీ లేక అమ్ము ఐబుప్రొఫెన్ పెట్టెల మీద ముద్రింపుమని కోరిరి. 2006లో ఆ సంస్థ, ఆ పేర్లు సామాన్యులకు తెలియవు కావున వలదనియు, ‘చర్మము ఎఱ్ఱబారుట, దద్దురు, బొబ్బలు’ అను లక్షణములనే వ్రాయవలెననియు బదులిచ్చెను. ఇట్లు తొలిగుర్తులు పెట్టెమీది కెక్కినవి. బాలిక రోగపడిన మూడేండ్లకు!

2013 ఫిబ్రవరిలో ప్లిమత్ నగరపు జ్యూరీ బాలికకు 5 కోట్ల డాలర్లును, తల్లిదండ్రులలో ఒక్కొక్కరికి 65 లక్షల డాలర్లును, వెరసి 6 కోట్ల 30 లక్షల డాలర్లు ఇప్పించెను. వడ్డీతో ఆ మొత్తము 10 కోట్ల డాలర్లు దాటినది. 2015 ఏప్రిల్ 17న ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము తీర్పును స్థిరపరచుచు ఒక సూక్ష్మభేదమును చూపినది. వ్యాధి పేరు ముద్రింపలేదన్న నేరము నిలువదు, ఏలయన ఎఫ్.డి.ఏ. దానిని తోసివేసినది, దద్దురు ప్రాణాంతక వ్యాధికి దారితీయవచ్చునని చెప్పలేదన్న నేరము నిలుచును, ఏలయన ఆ మాటను ఎఫ్.డి.ఏ. వలదన్నదనుటకు స్పష్టమైన సాక్ష్యము లేదు. 2016 జనవరిలో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము జోక్యము చేసికొనుటకు నిరాకరించుటతో ఆ వ్యాజ్యము ముగిసినది.

వ్యాధి పేరు తెలియకున్నను తల్లికి బాధ లేదు. ఒంటిమీద ఎఱ్ఱన కనబడినప్పుడు సీసా ప్రక్కన పెట్టవలెనన్న మాట తెలియవలెను. పండితభాషలోని పేరుకంటె పామరునికి తెలిసిన లక్షణమునకే ప్రాధాన్యమిచ్చిన ఈ తీర్పులో న్యాయసూత్రముతోపాటు లోకజ్ఞానమును కలదు.

గెలుపు నియమము కాదు

ఒక తీర్పు చూచి అన్ని వ్యాజ్యములు ఇట్లే ఫలించునని తలంపరాదు. ఇదే మందు వలన 2000లో మూడేండ్ల ప్రాయమున ఇట్టి వ్యాధిపాలైన మరియొక బాలికకు ఫిలడెల్ఫియా జ్యూరీ 2011లో కోటి డాలర్లు ఇప్పించగా, 2014లో పై న్యాయస్థానము దానిని స్థిరపరచెను. కాని లాస్ ఏంజెలిస్‌లో, కౌమారమున మోట్రిన్ వాడి వ్యాధిగ్రస్తుడైన యువకునికి 2011లో జ్యూరీ ఇచ్చిన 4 కోట్ల 80 లక్షల డాలర్లకు పైబడిన తీర్పును, జ్యూరీ నిర్ణయములు పరస్పర విరుద్ధములుగా నున్నవను మొదలగు కారణములచే 2017లో పై న్యాయస్థానము రద్దుచేసెను.

అంతకంటె కఠినమైనది 2013 నాటి బార్ట్‌లెట్ తీర్పు. సులిండాక్ అను నొప్పిమందు వాడి దేహములో సగమునకు పైగా చర్మమును, చూపులో చాలభాగమును కోల్పోయిన బార్ట్‌లెట్ అను న్యూ హాంప్‌షైర్ స్త్రీకి క్రింది న్యాయస్థానములు 2 కోట్ల 10 లక్షల డాలర్లు ఇప్పింపగా, సర్వోన్నత న్యాయస్థానము ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి, ఆ సొమ్మును తోసివేసెను. ఆమె వాడినది జెనరిక్ మందు. జెనరిక్ కంపెనీ మూలకంపెనీ లేబులును మార్చుటకు కేంద్రశాసనము ఒప్పదు. మార్చుట కధికారము లేనివానిని మార్చలేదని శిక్షింపరాదు. తర్కము నిర్దోషము. కాని అదే వ్యాధి, అదే వేదన, సీసామీది కంపెనీ పేరును బట్టి ఒకరికి కోట్లును మరొకరికి శూన్యమును అయ్యెను!

ఆ దేశమున ఇట్టి వ్యాజ్యములను నడుపగలిగిన శక్తి కుటుంబములకు ఎక్కడినుండి వచ్చుచున్నది? గెలిచినప్పుడే సొమ్ములో భాగము పుచ్చుకొను ఒప్పందముతో న్యాయవాదులే నిపుణుల ఖర్చును, ఏండ్ల తరబడి శ్రమను భరింతురు. మన దేశమున బార్ కౌన్సిల్ నియమములు అట్టి ఒప్పందమును నిషేధించినవి. కావున అక్కడ న్యాయవాది ఆశ చేయు పనిని ఇక్కడ ప్రభుత్వపు న్యాయసహాయము చేయవలసియున్నది.

ఒక్క హెచ్చరిక ఎంత పని చేయును?

లేబులుమీది మాట నిజముగా ప్రాణమును కాపాడునా యని సందేహించువారికి ఆస్పిరిన్ చరిత్ర సమాధానము. ఫ్లూ, ఆటలమ్మ సోకిన పిల్లలకు ఆస్పిరిన్ ఇచ్చినచో మెదడును కాలేయమును చెఱచు రైస్ సిండ్రోమ్ రావచ్చునని 1980 ప్రాంతమున పరిశోధనలు సూచించెను. పరిశ్రమ అభ్యంతరములతో కాలము గడిచి, 1986లో గాని అమెరికాలో ఆ హెచ్చరిక లేబులుమీద తప్పనిసరి కాలేదు. 1980లో ఆ దేశమున నమోదైన రైస్ రోగులు 555 మంది. 1987 తరువాత ఏ యేటను 36కు మించలేదు. మందు బజారులోనే యున్నది. మారినది తల్లిదండ్రుల తెలివిడి మాత్రమే.

మన చట్టము చేతిలో ఏమున్నది?

ఈ చర్మవ్యాధి మన న్యాయస్థానములకు క్రొత్త కాదు. 1998లో అమెరికానుండి సెలవులకు కలకత్తా వచ్చిన అనూరాధా సాహా ఒంటిమీద దద్దురుతో వైద్యము కోరి, అధిక మోతాదులో స్టెరాయిడ్ సూదులు పొంది, ఇదే వ్యాధి ముదిరి, బొంబాయిలో మే 28న కన్నుమూసెను. ఆమె భర్త, స్వయముగా వైద్యుడైన కునాల్ సాహా చేసిన న్యాయపోరాటములో 2009లో సుప్రీంకోర్టు వైద్యుల నిర్లక్ష్యమును నిర్ధారించి, 2013 అక్టోబరులో సుమారు 6 కోట్ల రూపాయలు ఇప్పించెను. వడ్డీతో అది 11 కోట్లు దాటినది. ఆ వ్యాజ్యము వైద్యులమీదను ఆస్పత్రిమీదను, తయారీదారుమీద కాదు. తయారీదారును నేరుగా ప్రశ్నించు మార్గమును మనకు స్పష్టముగా తెరచినది 2020 జూలైలో అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము.

ఆ చట్టపు ఆరవ అధ్యాయము ఉత్పత్తి బాధ్యతను గూర్చినది. వస్తువులో తయారీలోపము గాని, రూపకల్పన లోపము గాని ఉన్నప్పుడేగాక, హాని కలుగకుండ సరిగా వాడుటకు తగిన సూచనలు లేనప్పుడును తయారీదారుడు బాధ్యుడని 84వ సెక్షను చెప్పుచున్నది. మసాచుసెట్స్ తండ్రి అడిగిన ప్రశ్న ఇందులో నిమిడియున్నది. దేహమునకు కలిగిన గాయమేగాక, దానివెంట కలుగు మనోవ్యధయు చట్టము చెప్పు హానిలో భాగమే. సొమ్ము చెల్లించినది తండ్రియైనను, ఆయన సమ్మతితో మందు వాడిన బిడ్డయు వినియోగదారు నిర్వచనములో చేరును.

మఱియొక సౌకర్యము చాలమందికి తెలియదు. కమిషన్ అధికారపరిధిని కోరిన పరిహారమును బట్టి గాక, వస్తువునకు చెల్లించిన వెలను బట్టి నిర్ణయింతురు. 50 లక్షల వరకు వెల జిల్లా కమిషన్‌ది. వంద రూపాయల సిరప్ వలన బిడ్డ కన్ను పోయి, కోటి రూపాయలు కోరినను, ఫిర్యాదు తమ జిల్లాలోనే, తాము నివసించు చోటనే వేయవచ్చును. వెల 5 లక్షల లోపున్నచో రుసుము లేదు. న్యాయవాది లేకయే స్వయముగ వాదించుకొనవచ్చును. గడువు మాత్రము రెండేండ్లు. ఆస్పత్రుల చుట్టు తిరుగుటలో గడువు దాటినచో తగిన కారణము చూపి మన్నింపు కోరవలెను.

కత్తిరించి యిచ్చిన నాలుగు గోలీలు

ఇంత చట్టముండియు, కథ మన వీధి చివర మందుల షాపు వద్దకు వచ్చునప్పటికి చిక్కుపడును. ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ ఆమ్లము మొదలగునవి మన నిబంధనల ప్రకారము వైద్యుని చీటీమీదనే అమ్మవలసినవి. ఆచారమో? ‘పిల్లవానికి జ్వరమన్నా!’ యన్నంతనే సీసా బల్లమీదికి వచ్చును. పెద్దలకైనచో షీటును కత్తెరతో కత్తిరించి నాలుగు గోలీలను చిన్న కాగితపు కవరులో వేసి యిత్తురు. మందు పేరు సగము, బ్యాచి సంఖ్య, గడువు తేదీ, హెచ్చరిక మిగిలిన షీటుతో అక్కడనే యుండిపోవును. బిల్లు అడుగువారు తక్కువ, ఇచ్చువారు ఇంకను తక్కువ.

ఈ ఆచారమునకును న్యాయమునకును ఉన్న సంబంధము సామాన్యమైనది కాదు. 87వ సెక్షను తయారీదారునకు కొన్ని మినహాయింపులు ఇచ్చినది. నిపుణుని పర్యవేక్షణలోనే వాడవలసిన వస్తువై, ఆ నిపుణునికి తగిన హెచ్చరిక చేసియున్నచో, వాడువానికి నేరుగా చెప్పలేదను నేరము తయారీదారున కంటదు. అనగా చీటీ లేక కొన్న చీటీమందు విషయమున కంపెనీ, ‘మేము వైద్యులకు చెప్పితిమి, మీరు వైద్యుని అడుగక కొంటిరి’ అని తప్పించుకొను మార్గ మున్నది. అప్పుడు మిగులువాడు అమ్మినవాడు. తయారీదారుని హెచ్చరికలను కొనువానికి అందజేయని విక్రేత 86వ సెక్షను క్రింద బాధ్యుడు. కాని బిల్లు లేనప్పుడు అమ్మినవాడెవ్వడో రుజువు చేయుట ఎట్లు? కత్తెర ఒక్క వేటుతో మందును మాత్రమే కాదు, సాక్ష్యమును కూడ ఖండించుచున్నది.

ప్రభుత్వపు హెచ్చరికలు మన దేశమున లేకపోలేదు. పండ్రెండేండ్లలోపు పిల్లలకు నిమెసులైడ్ వాడుకను 2011లో నిషేధించిరి. మన యిండ్లలో జ్వరమునకును కడుపునొప్పికిని విరివిగ వాడు మెఫెనమిక్ ఆమ్లము, దద్దురు, జ్వరము, గ్రంథుల వాపు, కాలేయాది అవయవముల చెడుగు కలసివచ్చు డ్రెస్ సిండ్రోమ్‌ను కలిగింపవచ్చునని భారత ఔషధకోశ సంఘము 2023 నవంబరు 30న ప్రకటించెను. ఆ ప్రకటన వైద్యులకు, పత్రికలకు చేరినది. చీటీ లేక కొనిన తల్లికి చేరినదా యనునదే ప్రశ్న.

తెలుగువారి యిండ్లలో ఇంకొక ప్రమాదము కలదు. జ్వరమును దద్దురును కలసి వచ్చినంతనే ‘అమ్మవారు పోసినది’ అని వేపాకు పరచి, బిడ్డను ఆస్పత్రికి తీసికొనిపోక, మూడు దినములు వేచియుండు అలవాటు పల్లెలలో పూర్తిగా పోలేదు. ఆ అమాయకత్వమును చూచి నవ్వుటకు మన కధికారము లేదు; మసాచుసెట్స్‌లో చదువుకొన్న వైద్యుడే ఈ దద్దురును తట్టు అనుకొనెను. తేడా గుర్తించుటకు కొన్ని ఆనవాళ్లు కలవు: ఒంటి దద్దురుతోపాటు పెదవులమీదను నోటిలోను పుండ్లు, కన్నుల ఎఱ్ఱదనము, మూత్రము పోయునప్పుడు మంట, ముట్టుకొన్న చర్మము నొప్పిపెట్టుట, పొక్కులు చిట్లి పొర లేచిపోవుట. వీటిలో ఏది కనబడినను క్రొత్తగా మొదలుపెట్టిన మందును వెంటనే నిలిపి, పెద్ద ఆస్పత్రికి పోవలెను; జ్వరము దించుటకు ఇంకొక మోతాదు పోయరాదు.

బాధితులు చేయదగిన పనులు

బిడ్డ ఆస్పత్రిలో ప్రాణములతో పెనగులాడునప్పుడు కాగితములను గూర్చి ఆలోచించుట కష్టమే. ఐనను ఇంటిలో నింకొకరు, మామయ్యయో బాబాయియో, ఈ భారము మోయుట మంచిది.

మొదటిది, సీసాను, పెట్టెను, మిగిలిన మందును పారవేయరాదు. బ్యాచి సంఖ్య, తయారీ తేదీ స్పష్టముగ కనబడునట్లు ఫొటో తీయవలెను. మందు మొదటిసారి ఎప్పుడిచ్చిరో, దద్దురు ఎప్పుడు లేచినదో, ఆ పూర్వము నెల రోజులలో ఏయే మందులు వాడిరో, తేదీలతో గంటలతో ఒక కాగితముమీద వ్రాసి యుంచవలెను. బిడ్డ చర్మపు ఫొటోలు ప్రతిదినమును తీయవలెను. కొన్నచోట బిల్లు లేకున్నను, ఫోనులో చెల్లించిన సొమ్ము జాడ సాక్ష్యమగును.

రెండవది, ఆస్పత్రి కేసుషీటు ప్రతులను వ్రాతమూలకముగ కోరవలెను. వైద్యమండలి నియమముల ప్రకారము 72 గంటలలో ఇవ్వవలసియున్నది. వ్యాధికి ఏ మందు కారణమని వైద్యులు అనుమానించిరో ఆ మాట డిశ్చార్జి కాగితములో వ్రాయించుకొనుట మిక్కిలి ముఖ్యము. కమిషన్ ఎదుట కుటుంబము కన్నీటికంటె ఆ ఒక్క వాక్యము బలమైనది.

మూడవది, గాజియాబాదులోని భారత ఔషధకోశ సంఘము నడుపు ఫార్మకోవిజిలెన్సు కార్యక్రమమునకు తెలియజేయవలెను. వైద్యుడే కాదు, రోగి బంధువు కూడ 1800-180-3024 అను ఉచిత సంఖ్యకు ఫోను చేసి నమోదు చేయింపవచ్చును. ఇది పరిహారము నిచ్చునది కాదు. కాని ఇట్టి నివేదికల మూలముననే రేపటి లేబులు మారును.

నాలుగవది, సొమ్ము లేదని న్యాయమును వదలుకొనరాదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టపు 12వ సెక్షను ప్రకారము స్త్రీలకును పిల్లలకును ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. తల్లి గాని, బిడ్డ పక్షమున తండ్రి గాని జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోయి దరఖాస్తు ఇవ్వవచ్చును. 15100 సంఖ్యకు ఫోను చేసి మార్గము తెలిసికొనవచ్చును. వినియోగదారుల సలహాకు 1915 కలదు.

ఇవన్నియు జరిగిన హానికి పరిహారము వెదకు మార్గములు. పరిహారము పోయిన కన్నును తెచ్చి యీయలేదు. దాని నిజమైన విలువ తరువాతి బిడ్డను కాపాడు మాట లేబులు కెక్కించుటలో నున్నది. అమెరికాలో ఆ మాటకై వాదించినవారికి కనీసము తండ్రి చదువగలిగిన భాషలో పెట్టె యుండెను. మన షాపులలో అమ్ము సిరప్ సీసాలమీది అక్షరములు ప్రాయికముగ ఆంగ్లములో, భూతద్దమునకు గాని అందనంత సన్నముగ నుండును. అనంతపురపు పల్లెలో మనుమనికి మందు పోయు అమ్మమ్మకు అది హెచ్చరిక కాదు, అలంకారము. చట్టము ‘తగిన సూచనలు’ అన్నది. తగినవనగా ఎవరికి తగినవి? ముద్రించినవానికా, చదువవలసినవానికా? ఈ ప్రశ్నను మన జిల్లా కమిషన్‌లలో ఎవరో యొక తండ్రి, ఉచితముగ దొరకు న్యాయవాది సహాయముతోనే, సూటిగ వేయవలసియున్నది. అంతవరకు వేచియుండక, పిల్లల జ్వరపు మందుల సీసాలమీద ‘దద్దురు గాని, బొబ్బ గాని, నోటిపూత గాని కనబడినచో మందు మాని వెంటనే ఆస్పత్రికి పొండు’ అను ఒక్క వాక్యమును ప్రాంతీయ భాషలలో తప్పనిసరి చేయుట ప్రభుత్వమున కంత కష్టమైన పని కాదు. ఆ వాక్యమును ముద్రించుటకగు సిరా ఖర్చు, దాని లేమికి ఒక్క కుటుంబము చెల్లించు మూల్యము ఎదుట లెక్కకు రాదు.